చీ అంటే ఏంటి? చైనా వాళ్ళ ప్రాణశక్తి గురించి అందరూ అడిగే ప్రశ్నలు

తాయ్ చీ (నెమ్మదిగా కదుల్తూ చేసే చైనా వ్యాయామం) క్లాసులో చేరదామనుకునేవాళ్ళు, మోకాలి నొప్పికి సూదులు పెట్టించుకోమని ఎవరో చెబితే ఆలోచనలో పడ్డవాళ్ళు, చైనాలో ఎంబీబీఎస్ చదివే పిల్లలు ఫోన్‌లో చెప్పే కబుర్లు విని ఆశ్చర్యపోయే అమ్మానాన్నలు, వీళ్ళంతా అటు తిప్పి ఇటు తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నాకు ఈ సబ్జెక్ట్ అంటే చాలా ఇష్టం, కాబట్టి కొన్ని జవాబులు పెద్దవే ఉంటాయి.

అసలు చీ అంటే ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి

ఊపిరి, ఆవిరి, వాతావరణం, ఒంట్లో ఓపిక, మనిషి మూడ్, ఒక ఇంటికి ఉండే కళ, వీటన్నిటిలో కదుల్తూ మారుతూ ఉండేదాన్ని పాత చైనా వాళ్ళు చీ అన్నారు. మనం "ప్రాణశక్తి" అనగానే బతికున్నవాటికే ఉంటుందనుకుంటాం, కానీ వాళ్ళ లెక్కలో రాయి కూడా చీయే, కాకపోతే బాగా చిక్కబడ్డ చీ. జువాంగ్‌జీ అనే పాత తావో గ్రంథంలో మనిషి పుట్టడమంటే చీ పోగవడం, పోవడమంటే అది చెదిరిపోవడం అని స్పష్టంగా ఉంది. 11వ శతాబ్దంలో జాంగ్ జాయ్ అనే తత్వవేత్త (1020-1077) దీన్నే ఇంకా ముందుకి తీసుకెళ్ళి, విశ్వంలో చీ పోగై చెదరడం నీళ్ళు గడ్డకట్టి మళ్ళీ కరగడం లాంటిదే అన్నాడు. అంటే శరీరం వేరు, అందులో దూరిన శక్తి వేరు అనే లెక్క కాదు వాళ్ళది. శరీరమే చీ, ఆలోచన కూడా చీయే, ఒకటి చిక్కన ఇంకోటి పల్చన, అంతే తేడా.

ఇది ఎంత పాత సంగతి? ఆధారాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, చాలా గొప్పవి ఉన్నాయి. హునాన్ రాష్ట్రంలో చాంగ్‌షా ఊరి దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట 1973లో ఒక సమాధి తవ్వారు, క్రీ.పూ. 168లో మూసేసిన సమాధి అది. అందులో పట్టుగుడ్డల మీద రాసిన వైద్య పుస్తకాలు దొరికాయి, వాటితోపాటు ఒక బొమ్మల పటం కూడా. ఆ పటంలో 44 మంది వ్యాయామం చేస్తుంటారు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, పెద్దవాళ్ళు, కుర్రాళ్ళు, కొందరు నిండుగా బట్టలేసుకుని, కొందరు పైన చొక్కా లేకుండా. ఒకాయన ఎలుగుబంటి నడకలో ఉంటాడు, ఇంకొకరు పొడుగాటి కర్ర పట్టుకుని వంగుతుంటారు, కొన్ని బొమ్మల పక్కన ఇది మోకాలి నొప్పికి, ఇది చెవుడుకి అని కూడా రాసి ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కిందట కూడా మోకాళ్ళ గొడవే అన్నమాట!

అదే సమాధిలో దొరికిన పుస్తకాల్లో చీ తిరిగే దారులు పదకొండే ఉన్నాయి, ఇప్పుడు అందరూ చెప్పే పన్నెండు కాదు, పైగా సూదుల ప్రస్తావన లేదు, మూలికతో కాక పెట్టడమే ఉంది. పన్నెండు దారుల పద్ధతి తర్వాత పసుపు చక్రవర్తి పేరు మీద కూర్చిన హువాంగ్‌దీ నైజింగ్ అనే వైద్య గ్రంథంలో స్థిరపడింది. కాబట్టి ఎవరో ఋషి ఒక్కరోజులో కనిపెట్టి ఇచ్చాడని చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు, తరాల తరబడి వైద్యులు మార్చుకుంటూ దిద్దుకుంటూ కట్టుకున్న పద్ధతి ఇది. నాకైతే అలా తెలిశాకే దీని మీద గౌరవం ఇంకా పెరిగింది.

మన ప్రాణం, వాళ్ళ చీ ఒకటేనా?

దగ్గర చుట్టాలు, కానీ ఒకటి కాదు. రెండిట్లోనూ ఊపిరి ఉంది, ఒంట్లో దారులున్నాయి, అభ్యాసంతో పెంచుకోవచ్చనే నమ్మకం ఉంది. కానీ మన యోగంలో ప్రాణాయామం చివరికి మనసుని నిలబెట్టడానికి, అక్కణ్ణుంచి మోక్షం వైపు వెళ్ళడానికి. అక్కడ ఎక్కువగా ఆయుష్షు, ఆరోగ్యం, కుదురైన స్వభావం కోసం. తావో మతంలో అమరత్వం కోసం ప్రయత్నించినవాళ్ళు ఉన్నారనుకోండి, అది వేరే పెద్ద కథ. ఇంకో తేడా ఏంటంటే మనకి ఆత్మ అనేది ప్రాణం కన్నా పైన ఇంకోటి ఉంటుంది, చైనా వైద్యంలో అలా పైన కూర్చున్నదేం లేదు, అంతా చీ మార్పులే.

చైనాలో మామూలు జనం దీన్ని నిజంగా నమ్ముతారా?

నమ్మడం అనే ప్రశ్నే వాళ్ళకి పెద్దగా రాదు, అది అలవాటులో కలిసిపోయింది. వాతావరణాన్ని ఆకాశపు చీ అంటారు, కోపం వస్తే చీ పుట్టిందంటారు, రోజుకి ఇరవైసార్లు అనే మాటలవి. ఎండాకాలంలో కూడా వేడినీళ్ళే తాగుతారు, అక్కడ చదువుకునే మన పిల్లలు ముందు గమనించేది ఇదే, హోటల్లో కూర్చోగానే గ్లాసుతో వేడినీళ్ళు తెచ్చి పెడతారు. బాలింతని నెల రోజులు గాలి తగలకుండా, చల్లవి ముట్టకుండా చూసుకుంటారు, మన పత్యం గుర్తొస్తుంది కదా. నోట్లో పూత వచ్చినా, మొటిమ లేచినా "ఒంట్లో నిప్పు పైకెక్కింది" అంటారు, మనం "వేడి చేసింది" అన్నట్టే! మనం మామిడిపండ్లని అంటే వాళ్ళు లిచీ పండ్లని అంటారు. దానికి విరుగుడుగా గ్వాంగ్‌జౌలో 1828 నుంచి అమ్ముతున్న వాంగ్ లావో జీ అనే మూలికల టీ ఇప్పుడు ఎర్ర డబ్బాల్లో దేశమంతా దొరుకుతుంది.

ఒంట్లో చీ ఎలా తిరుగుతుందంటారు?

వాళ్ళ పద్ధతి ప్రకారం కొంత చీ పుట్టుకతో వస్తుంది, దాని చోటు మూత్రపిండాలు. కొంత తిండి నుంచి, కొంత గాలి నుంచి వస్తుంది. ఒకరకం చర్మం కింద కాపలా కాస్తుంది, అది తగ్గితే జలుబు తొందరగా పట్టుకుంటుందంటారు. జబ్బు అంటే ముఖ్యంగా మూడు నాలుగు రకాలు: చీ తగ్గిపోవడం (నీరసం, గొంతు పెగలకపోవడం, మెట్లెక్కితే ఆయాసం), ఒకచోట ఇరుక్కుపోవడం (పక్కటెముకల కింద బరువు, ఊరికే నిట్టూర్పులు), కిందకి పోవాల్సింది పైకి తన్నడం (వాంతి, ఎక్కిళ్ళు, దగ్గు), పైకి నిలబెట్టాల్సింది కిందకి జారిపోవడం.

ఈ లిస్టు చదివితే ఒకటి అర్థమవుతుంది, ఇది ల్యాబ్ రిపోర్ట్ భాష కాదు, ఒంట్లో మనకి ఎలా అనిపిస్తోందో దాని భాష. అందుకే చాలామందికి "అరే, నాకు అచ్చం ఇలాగే ఉంటుంది" అనిపిస్తుంది.

కోపానికి, భయానికి చీతో సంబంధం ఏంటి?

నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. నైజింగ్‌లో ఒకచోట తొమ్మిది వరసగా చెప్తారు: కోపమొస్తే చీ పైకెక్కుతుంది, సంతోషంలో వదులవుతుంది, దుఃఖంలో హరించుకుపోతుంది, భయంలో కిందకి దిగుతుంది, చలికి ముడుచుకుంటుంది, వేడికి బయటికి పోతుంది, ఉలిక్కిపడితే చెదిరిపోతుంది, చాకిరీతో ఖర్చయిపోతుంది, అదేపనిగా ఆలోచిస్తే ముడిపడుతుంది. ఇప్పుడు మన మాటలు చూడండి, కోపం నెత్తికెక్కింది అంటాం, గుండె జారిపోయింది అంటాం, సంతోషంతో ఒళ్ళు తేలిపోయింది అంటాం, దిగులుతో నీరుగారిపోయాడు అంటాం. వాళ్ళ పుస్తకం మనవాళ్ళెవరూ చదవలేదు, మన సామెతలు వాళ్ళెవరూ వినలేదు, అయినా ఇద్దరూ ఒంట్లో అదే దిక్కున అదే కదలికని గమనించారు. కోపంలో మొహం ఎర్రబడి చెవులు వేడెక్కడం, భయంలో కాళ్ళు చల్లబడటం, ఇవి ఎవరికైనా తెలిసేవే, రక్తప్రసరణ మారుతుందని డాక్టర్ కూడా చెప్తాడు. వాళ్ళు చేసిందేంటంటే ఆ గమనింపుని అక్కడితో వదిలెయ్యకుండా వైద్యంగా మలుచుకోవడం, బాగా ఆలోచనలు చేసేవాడికి ఆకలి చచ్చిపోతుంది కాబట్టి కడుపు నుంచి మొదలుపెడదాం అనుకోవడం.

నిలబడే అభ్యాసంలో అరచేతులు వేడెక్కి జివ్వుమంటున్నాయి, అదేనా చీ?

అవును, అభ్యాసం చేసేవాళ్ళు చీ వచ్చింది అనేది ఆ అనుభవాన్నే. ముందు అది ఎలా ఉంటుందో చెప్తా. కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వదిలి, నడుం కింద భాగం కిందకి జార్చి, చేతులు ఛాతీ ఎత్తులో చెట్టుని కావలించుకున్నట్టు గుండ్రంగా పెట్టి నిలబడతారు. మొదటి నిమిషంలో ఏమీ ఉండదు, బోరు కొడుతుంది. తర్వాత భుజాలు మండుతాయి, వాటిని దించుకోవాలని తెలుస్తుంది, దించగానే ఊపిరి దానంతటదే పొట్టలోకి దిగుతుంది. ఇంకాసేపటికి తొడలు సన్నగా వణుకుతాయి. అప్పుడు వేళ్ళ చివర్లు బరువెక్కినట్టు, అరచేతుల మధ్య ఏదో మెత్తగా ఒత్తుతున్నట్టు, గోరువెచ్చగా అనిపిస్తుంది.

దీనికి శరీరశాస్త్రం చెప్పే కారణాలు కూడా ఉన్నాయి. ఊపిరి నెమ్మదించి టెన్షన్ తగ్గితే వేళ్ళలో చిన్న రక్తనాళాలు తెరుచుకుంటాయి, చేతులు వేడెక్కుతాయి. కండరం అలిసిపోతే వణుకుతుంది. ఒక భాగం మీదే ధ్యాస పెడితే మామూలుగా పట్టించుకోని స్పర్శలు కూడా పెద్దగా తెలుస్తాయి, కావాలంటే ఇప్పుడే కళ్ళు మూసుకుని కుడి అరచేతి మీద నిమిషం ధ్యాస పెట్టి చూడండి. ఈ వివరణ ఇచ్చినంత మాత్రాన అనుభవం అబద్ధమైపోదు, ఆ అనుభవం ఉన్నంత మాత్రాన కొత్త శక్తి ఏదో ఋజువైపోయినట్టూ కాదు. చిమచిమలు, తిమ్మిరి రోజంతా ఉంటే, ఒకవైపే ఉంటే, అభ్యాసం చెయ్యనప్పుడు కూడా వస్తుంటే మాత్రం షుగర్, బీ12, నరాలు చూపించుకోండి, దాన్ని చీ అనుకుని ఊరుకోవద్దు.

సైన్స్ దీన్ని కనిపెట్టిందా?

లేదు. కొలిచే మెషిన్ లేదు, ఆ పన్నెండు దారులు శవపరీక్షలో కనబడవు, నరాలకీ రక్తనాళాలకీ వేరుగా అలాంటి గొట్టాలేం లేవు. 1998లో అమెరికాలో ఎమిలీ రోజా అనే చిన్నపాప స్కూల్ ప్రాజెక్ట్‌గా చేసిన ప్రయోగం ఒక పెద్ద మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అది చీ మీద కాదు, ముట్టుకోకుండా మనిషి శక్తిని చేత్తో పసిగడతామనే ఒక అమెరికా పద్ధతి మీద. 21 మందిని అట్ట వెనక కూర్చోబెట్టి, పాప చెయ్యి వాళ్ళ ఏ చేతి దగ్గరుందో చెప్పమంది. 280 సార్లలో 123 సార్లు కరెక్ట్ చెప్పారు, అంటే బొమ్మా బొరుసా వేసినా అంతకన్నా ఎక్కువే వచ్చేది. ఎదుటివాళ్ళ చీని దూరం నుంచి చూస్తాం అనేవాళ్ళని కూడా ఇలాగే పరీక్షించి అడగాలి.

అయితే ఆక్యుపంక్చర్ దండగేనా?

అంత సింపుల్‌గా తేలదు. జర్మనీలో 1162 మంది నడుంనొప్పి పేషెంట్ల మీద ఒక పెద్ద స్టడీ చేసి 2007లో అచ్చేశారు. ఆరు నెలల తర్వాత అసలు పాయింట్లలో సూదులు పెట్టినవాళ్ళలో 47.6 శాతం మందికి బాగా తగ్గింది, పాయింట్లు కాని చోట పైపైన పెట్టినవాళ్ళలో 44.2 శాతం, మందులు, ఎక్సర్‌సైజులతో మామూలు ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళలో 27.4 శాతం. అంటే సూదులు పెట్టడం వల్ల మేలు జరిగింది, కానీ ఎక్కడ పెట్టారనేది పెద్దగా తేడా చెయ్యలేదు, చీ దారుల సిద్ధాంతానికి ఇబ్బంది అక్కడే వస్తుంది. దీన్ని రెండువైపుల వాళ్ళూ తమకి కావాల్సిన సగమే చెప్తారు, మీరు రెండు సగాలూ గుర్తుపెట్టుకోండి.

ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకి మణికట్టు పాయింట్ (నైగ్వాన్ అంటారు, మణికట్టు గీత నుంచి మూడు వేళ్ళ పైన, రెండు నరాల్లా తగిలే వాటి మధ్యలో) పనిచేస్తుందని చాలా ట్రయల్స్ కలిపి చూసినప్పుడు తేలింది. ఘాట్ రోడ్డులో వాంతులొచ్చేవాళ్ళు అక్కడ నొక్కుకుని చూడొచ్చు, పోయేదేం లేదు.

సూదులు ఒక్కసారి వాడి పారేసేవేనా, పెట్టేవాడికి సరైన ట్రైనింగ్ ఉందా చూసుకోండి, అరుదుగానైనా ఛాతీ మీద సూది లోతుగా దిగి ఊపిరితిత్తికి చిల్లు పడిన కేసులున్నాయి.

తాయ్ చీలో ఉన్న చీ ఇదేనా?

కాదు, అది వేరే మాట, ఇంగ్లీషు స్పెల్లింగ్ వల్ల మనకి ఒకేలా వినబడుతుంది. కానీ తాయ్ చీ చేసేటప్పుడు చీ గురించే మాట్లాడతారు కాబట్టి అయోమయం మామూలే. దాని పుట్టిల్లు హెనాన్ రాష్ట్రంలో చెన్ కుటుంబం వాళ్ళ ఊరు, చెన్‌జియాగో. ఇప్పుడు పార్కుల్లో ఎక్కువగా కనబడే 24 భంగిమల సెట్‌ని ప్రభుత్వ క్రీడాశాఖ 1956లో కూర్పించింది. దీని మీద సైన్స్ కూడా బాగానే ఉంది, 2012లో వచ్చిన ఒక స్టడీలో 195 మంది పార్కిన్సన్స్ పేషెంట్లతో వారానికి రెండుసార్లు ఆరునెలలు చేయిస్తే బ్యాలెన్స్ మెరుగైంది, స్ట్రెచింగ్ చేసినవాళ్ళకన్నా కింద పడిపోవడం తగ్గింది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇంతకన్నా ఏం కావాలి?

తెల్లవారుజామున 3కి మెలకువ వస్తే ఊపిరితిత్తుల్లో చీ బాలేదని వాట్సాప్‌లో వచ్చింది, నిజమా?

ఆ లెక్క పాత చైనా పుస్తకాల్లో ఉన్నమాట నిజమే, రోజుని రెండేసి గంటల చొప్పున పన్నెండు భాగాలు చేసి ఒక్కో అవయవానికి ఒక్కోటి ఇచ్చారు, 1 నుంచి 3 కాలేయం, 3 నుంచి 5 ఊపిరితిత్తులు. కానీ మెలకువని బట్టి జబ్బు కనిపెట్టొచ్చని ఋజువేం లేదు. రాత్రి రెండో సగంలో అందరికీ నిద్ర పల్చబడుతుంది, చిన్న దిగులున్నా, మూత్రం వచ్చినా లేస్తాం. రోజూ లేస్తుంటే షుగర్, ప్రోస్టేట్, గురక సమస్య, డిప్రెషన్ వీటి గురించి డాక్టర్‌ని అడగండి.

ఫెంగ్ షుయ్ కూడా చీయేనా? లాఫింగ్ బుద్ధ పెట్టుకోవచ్చా?

ఫెంగ్ షుయ్, అంటే ఇంటికీ సమాధికీ చోటు చూసే చైనా వాస్తు, మొత్తం చీ మీదే ఆధారపడింది. గువో పు (276-324) రాశాడని చెప్పే ఒక పాత పుస్తకంలో చీ గాలికి చెదిరిపోతుంది, నీళ్ళు అడ్డం వస్తే ఆగుతుంది అని ఉంటుంది. అది ఇళ్ళ పుస్తకం కాదు, సమాధులకి చోటు ఎంచుకునే పుస్తకం! వెనక కొండ, ముందు నీళ్ళు, చలిగాలి తగలని చోటు అని వెతకడంలో మంచి తెలివే ఉంది. లాఫింగ్ బుద్ధ మాత్రం 10వ శతాబ్దం నాటి బుదాయ్ అనే భిక్షువు బొమ్మ, ఫెంగ్ షుయ్‌లో పుట్టింది కాదు, ముచ్చటగా ఉంటే పెట్టుకోండి, అప్పులు తీరతాయని మాత్రం కొనకండి.

చీగోంగ్ (ఊపిరితో, కదలికలతో చీని పెంచుకునే అభ్యాసం) మాస్టర్లు దూరం నుంచి జబ్బులు తగ్గిస్తారట కదా?

ఈ ప్రశ్నకి చైనా చరిత్రే జవాబు చెప్తుంది. చీగోంగ్ అనే పేరుతో ఇప్పుడు చూస్తున్నది 1940ల చివర్లో, 50ల్లో హెబేయ్ రాష్ట్రంలో ల్యూ గ్వీజెన్ అనే కమ్యూనిస్టు పార్టీ ఉద్యోగి మొదలుపెట్టింది, ఆయన తన అల్సర్ ఊపిరి అభ్యాసంతో తగ్గిందని చెప్పుకున్నాడు, ప్రభుత్వం శానటోరియంలు పెట్టింది. మావో కాలం నాటి సాంస్కృతిక విప్లవంలో అణిచేశారు. 1980ల్లో మళ్ళీ లేచి పిచ్చిలా పట్టుకుంది, స్టేడియాల్లో వేలమందిని కూర్చోబెట్టి మాస్టర్లు చీ పంపిస్తామనేవాళ్ళు, చెవులతో అక్షరాలు చదువుతామనే పిల్లల గురించి పేపర్లు రాసేవి, రాకెట్ శాస్త్రవేత్త చియాన్ షుయ్‌సెన్ అంతటివాడు కూడా మద్దతు ఇచ్చాడు. అంత అండ ఉండి కూడా పకడ్బందీ పరీక్షలో ఒక్కటీ నిలబడలేదు. 1999లో ఫాలున్ గోంగ్ అనే పెద్ద చీగోంగ్ సంఘం మీద నిషేధంతో ఆ కాలం ముగిసింది, తర్వాత క్రీడాశాఖ నాలుగు పాత అభ్యాసాలని మాత్రం ఆరోగ్య వ్యాయామంగా ప్రచారం చేసింది. కాబట్టి వీడియో కాల్‌లో చీ పంపిస్తాం, ఫీజు ఇంత అనేవాళ్ళకి డబ్బు కట్టకండి, దయచేసి.

ఆక్యుపంక్చర్ మన దేశానికి ఎప్పుడొచ్చింది?

1938లో యుద్ధంలో ఉన్న చైనాకి సాయంగా డాక్టర్ కోట్నిస్‌తో కలిపి వెళ్ళిన ఐదుగురు డాక్టర్లలో కలకత్తా డాక్టర్ బి.కె. బసు ఒకరు. ఆయన 1950ల చివర్లో మళ్ళీ వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి ఇక్కడ మొదలుపెట్టారు.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

బాదువాన్‌జిన్ అనే చీగోంగ్ వ్యాయామం నేర్చుకోండి. ఎనిమిదే కదలికలు, మొత్తం 12-15 నిమిషాలు, చాపంత చోటు చాలు, సాంగ్ రాజవంశం కాలం (960-1279) నుంచి ఉన్నది. మొదటిదాంట్లో రెండు చేతుల వేళ్ళు కలిపి అరచేతులు ఆకాశం వైపు తిప్పి నెట్టాలి, చివరిదాంట్లో మడమలు లేపి మెత్తగా కిందకి దించాలి, ఏడుసార్లు. పొద్దున్నే ఖాళీ కడుపుతో కాదు, నిండు కడుపుతో కాదు, ఏదో కొంచెం తిన్నాక బావుంటుంది. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్ళు మరీ. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి, కుర్చీలో కూర్చుని చేసే పద్ధతి కూడా ఉంది.

ఎన్నాళ్ళకి తెలుస్తుంది?

నిద్ర, భుజాల బరువు కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది చాలామందికి. తొందరపడేవాళ్ళ గురించి మెన్షియస్ అనే చైనా తత్వవేత్త క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే చెప్పాడు, చీని పెంచుకోవడం గురించి మాట్లాడుతూనే ఒక రైతు కథ చెప్తాడు: మొలకలు ఎదగట్లేదని ఒక్కోదాన్నీ పైకి లాగి, ఇంటికొచ్చి ఇవాళ పైరుకి సాయం చేసి అలిసిపోయాను అంటాడు, కొడుకు పరిగెత్తుకెళ్ళి చూస్తే అన్నీ వాడిపోయి ఉంటాయి. ఆయన దృష్టిలో చీ పెరిగేది న్యాయమైన పనులు చేస్తూ పోతే, అదే ఆయన అసలు మాట, వ్యాయామం కాదు.

మా మతానికి అడ్డం వస్తుందా?

రాదు. చేతులు లేపి దించడానికి ఏ దేవుణ్ణీ మానక్కర్లేదు, మంత్రం కూడా ఉండదు.

చీ పెంచే మందులు, జిన్సెంగ్ లాంటివి ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చా?

జాగ్రత్త. అల్లం, ఎర్ర ఖర్జూరం వేసి కాచిన నీళ్ళు తాగితే ఇబ్బందేం లేదు, షుగర్ ఉన్నవాళ్ళు ఖర్జూరం తగ్గించుకోవాలంతే. జిన్సెంగ్ మాత్రం రక్తం పల్చబడటానికి వాడే వార్ఫరిన్ పనిని తగ్గించొచ్చు, షుగర్ మందులతో కూడా తేడా చెయ్యొచ్చు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు అరిస్టలోకిక్ యాసిడ్ ఉన్న ఇంకో మూలిక కలిసి వందమందికి పైగా ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్నాయి. పేరు లేని పొడులు, లేబుల్ మీద అన్నీ చైనీస్‌లోనే ఉన్న మాత్రలు వాడకండి, ఆల్రెడీ ఏవైనా వాడుతుంటే డబ్బా పట్టుకెళ్ళి మీ డాక్టర్‌కి చూపించండి, ముఖ్యంగా ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి.